వాదనలో గెలిచాను, మా మామ కమిటీకి రావడం మానేశాడు

జమ్మలమడుగు_ల్యాబ్ (ప్రశ్న)

అందరికీ వందనాలు. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను జమ్మలమడుగులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, వయసు 34. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. సంఘం వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీలో యూత్ తరఫున రెండేళ్లుగా ఉన్నాను, మినిట్స్ రాసేది కూడా నేనే. మా మేనమామ అదే కమిటీలో పెద్ద. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, 67 ఏళ్లు. నాన్న పోయాక నన్ను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివించింది ఆయనే. ఫీజు కోసం పీఎఫ్‌లో లోను తీసిన సంగతి ఆయన ఏనాడూ చెప్పలేదు. మా అమ్మ చెప్తే తెలిసింది.

ప్రతి శనివారం మధ్యాహ్నం అన్నం తిని మోపెడ్ తీస్తాడు. హ్యాండిల్‌కి ఒక గుడ్డసంచి. అందులో కంజీర, సువార్త ప్రతులు, నీళ్ల బాటిల్, కళ్లజోడు డబ్బా. పెద్దముడియం వైపో కొండాపురం వైపో పోయి చీకటి పడ్డాక తిరిగొస్తాడు. నా చిన్నప్పుడు సైకిల్ మీద పోయేవాడు. 30 ఏళ్లకు పైనే అయింది.

ఇక జరిగింది చెప్తాను. ఈసారి కోత పండుగ వేలం, అంటే సంఘస్థులు తెచ్చిచ్చిన పంటలు, కోళ్లు పాడుకునే వేలం, బాగా జరిగింది. 40 రూపాయల గుమ్మడికాయ 1,100కి పోయింది. ఒక నాటుకోడి కోసం ఇద్దరు వియ్యంకులు పోటీపడి పాడి, చివరికి దాన్ని పాస్టరు అయ్యగారికే ఇచ్చేశారు. మొత్తం 71,400 వచ్చింది. ఈ డబ్బు దేనికి వాడాలన్నది కమిటీలో చర్చ.

నేను పెట్టిన ప్రతిపాదన ఇది: నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు పన్నెండుమంది ఇంటర్ మధ్యలో మానేసేలా ఉన్నారు, వాళ్ల ఫీజులు, బస్‌పాసులు కట్టేద్దామని. వాళ్లలో సగానికి పైగా మన సంఘం వాళ్లు కాదు. మామ ప్రతిపాదన ఒక పల్లెలో మూడు రాత్రుల సువార్త సభలు. షామియానా, మైకు, బయటినుంచి ప్రసంగీకుడు, వచ్చినవాళ్లకు భోజనం.

నేను బాగా తయారై పోయాను. బీదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల అని ఉన్న లూకా 4:18 చదివాను. ఆ తర్వాత "మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" అని యేసు చెప్పిన మత్తయి 28:19 తీసి, "గ్రీకులో 'వెళ్లి' అనేది ఆజ్ఞ కాదు, 'మీరు వెళ్తూ ఉండగా' అని దాని అర్థం. అసలు ఆజ్ఞ 'శిష్యులనుగా చేయుడి' ఒక్కటే. పనిగట్టుకుని పల్లెలకు పొమ్మని ప్రభువు ఎక్కడా చెప్పలేదు, మనం ఉన్నచోట చేసే మంచే మిషన్, అంటే దేవుడు మనల్ని పంపిన పని" అన్నాను. నాకొచ్చిన గ్రీకు ఎంతంటారా? యూట్యూబ్‌లో ఒక నలభై నిమిషాల క్లాసు. కానీ గ్రీకు అనగానే అందరూ సర్దుకుని కూర్చున్నారు.

మామ ఒక్క మాటే అన్నాడు. "పోకుండా ఎట్ల చెప్తారప్పా?"

దానికి నేను, "నువ్వు ముప్పై ఏళ్లు పోయినావు గదా మామా, ఎంతమంది వచ్చినారు? లెక్క చెప్పు" అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. మామ కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టాడు. ఆ డబ్బా మూత సరిగా పడదు, రబ్బరు బ్యాండు వేస్తాడు. ఆయన రబ్బరు బ్యాండు వేసుకునేంతసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. తర్వాత సంచి తీసుకుని లేచిపోయాడు.

ఏడుగురు నావైపు, నలుగురు వద్దని. తీర్మానం పాసయింది. ఇది జరిగి ఆరు వారాలు. మామ ఆరాధనకు వస్తున్నాడు, కానీ కమిటీ ఉన్న రోజు ఆశీర్వాదం కాగానే వెళ్లిపోతున్నాడు. ఇంకో చిక్కుంది. బ్యాంకులో సంఘం చెక్కు మీద రెండు సంతకాలు కావాలి, ఒకటి ట్రెజరర్‌ది, రెండోది మామది. ఆయన అడ్డం పెట్టడం లేదు. "చెక్కు పంపండి, పెడతా" అని కబురు పంపాడు. ఆ చెక్కు పట్టుకుని ఆ ఇంటికి పోవడానికి నాకే ముఖం చాలడం లేదు.

మా అమ్మ "తగ్గించుకోరా" అంటోంది. మా సంఘంలో ఈ తగ్గింపు అనే మాట ఎప్పుడూ కుర్రవాళ్లకూ ఆడవాళ్లకే చెప్తారు, కమిటీ పెద్దలకు ఎవరైనా చెప్పగా నేను వినలేదు. అది పక్కన పెడితే, నా సందేహం ఇది. పిల్లల ఫీజు విషయంలో నేను చెప్పింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. తగ్గించుకోవడమంటే ఆ మాట వెనక్కి తీసుకోవడమా? తీసుకోకుండా క్షమాపణ అడిగితే అది ఉత్త నటన అవుతుందా?


సెమినరీ_స్టూడెంట్

బ్రదర్, మీ కమిటీలో జరిగిందే ప్రపంచమంతా జరిగింది. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో 150 దేశాల సువార్తికులు కూడి ఒక ఒడంబడిక రాసుకున్నారు. అందులో 5వ భాగం మీవైపు ఉంటుంది. సువార్త ప్రకటన, సామాజిక బాధ్యత ఒకటుంటే ఇంకొకటి ఉండదన్నట్టు చూసినందుకు పశ్చాత్తాపపడుతున్నామని ఉంది. 6వ భాగం మీ మామగారివైపు. సంఘం చేసే సేవలో సువార్త ప్రకటనదే మొదటి స్థానమని ఉంది. తిరునెల్వేలిలో బిషప్‌గా చేసిన స్టీఫెన్ నీల్ అయితే, అన్నీ మిషనే అయితే ఏదీ మిషన్ కాదన్నారు. మిషన్ దేవునిది, సంఘానిది కాదు అనే ఆలోచనకు 1952లో జర్మనీలోని విల్లింగెన్ సభ తర్వాత బలం వచ్చింది. కాబట్టి ఈ రెండింటినీ సమగ్ర దృక్పథంతో...


జమ్మలమడుగు_ల్యాబ్

తమ్ముడూ, ఆగు. కోప్పడొద్దు. నువ్వు చెప్పినవన్నీ నిజమే అయ్యుంటాయి. కానీ ఇది చదువుతుంటే ఆ రోజు కమిటీలో నా గొంతు నాకే వినబడింది. ఇవన్నీ తెలిసిన రోజున మా మామను ఇంకా నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టేవాణ్ణి.


సెమినరీ_స్టూడెంట్

సారీ అన్నా. పరీక్షలు జరుగుతున్నాయి, చేతికి అదే వచ్చేస్తోంది. ఇంకొక్కటి మాత్రం చెప్పనివ్వండి, ఇది పరీక్ష కోసం చదివింది కాదు. 1910లో ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ సభ జరిగింది. వెయ్యిమందికి పైగా వచ్చారు, దాదాపు అందరూ తెల్లవాళ్లే. మనదేశం నుంచి వెళ్లిన కొద్దిమందిలో వి.ఎస్. అజరయ్య ఒకరు. ఆయన తమిళుడు, తర్వాత 1912లో మన దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయం) సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆ సభలో ఆయన చెప్పింది ఏమంటే, మిషనరీలు పేదలకు ఆస్తులిచ్చారు, శరీరాలు కూడా కాల్చబడటానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని. ఆ సభలో కూర్చున్నవాళ్లందరూ త్యాగాలు చేసినవాళ్లే. అయినా ఆ మాట చాలామందికి గుచ్చుకుందట. మీ మామగారికీ మీకూ మధ్య లేనిది అదేనేమో అనిపించింది. తప్పయితే వదిలేయండి.


బత్తలపల్లి_బ్రదర్

ప్రైజ్ ది లార్డ్. నాది స్వతంత్ర సంఘం, అనంతపురం వైపు. నేను మీ మామ కులపోణ్ణి అనుకో, అంటే సంచి కులం. శనివారం, ఆదివారం అని లేదు, నాకు అదే పని.

నీ పోస్టు చదవగానే కోపమొచ్చింది. మూడుసార్లు రాసి కొట్టేసినా. ఎంతమంది వచ్చినారని అడిగినావే, నువ్వు ఆయనతో ఎన్ని శనివారాలు పోయినావో నీ పోస్టులో ఎక్కడా లేదు. ఒక్కటైనా పోయుంటే రాసేవాడివి.

ఇంక నా సంగతి. ఇక్కడ ఫాదర్ ఫెర్రర్ పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ ఉంది, అందరికీ తెలుసు. ఆయన స్పెయిన్ నుంచి జెస్యూట్‌గా, అంటే కేథలిక్ సన్యాసిగా, ఇండియాకు వచ్చిన మనిషి. మహారాష్ట్రలో రైతులతో పనిచేస్తే 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. 1969లో తిరిగొచ్చి అనంతపురంలో దిగినాడు. ఆ తర్వాత జెస్యూట్ సభ వదిలేసినాడు, పెళ్లి చేసుకున్నాడు. 2009లో పోయేదాకా ఇదే జిల్లా. బావులు, ఇళ్లు, బడులు, ఆసుపత్రులు. నేను మాత్రం పదేళ్లు నా ప్రసంగాల్లో ఆయన్ని వాడుకున్నా. ఎట్లంటే, "చూడండి, నీళ్లిచ్చినాడు గానీ జీవజలం ఇవ్వలేదు" అని. జనం ఆమేన్ అనేవాళ్లు. మంచి డైలాగు కదా.

మా రెండో బిడ్డ పుట్టేటప్పుడు నా భార్యకు బీపీ పెరిగింది. రాత్రి పదకొండుకు ఆటోలో బత్తలపల్లిలో వాళ్ల ఆసుపత్రికే తీసుకుపోయినా. నా జేబులో 900 ఉన్నాయి. తల్లీబిడ్డా క్షేమం. మూడోరోజు ఆ వార్డు వరండాలో కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకుంటావుంటే పెన్ను ఆ డైలాగు దగ్గరికే వచ్చి ఆగింది.

దాంతో నా నమ్మకం మారిపోయిందనుకోవద్దు. యేసు పేరు చెప్పకుండా మిషన్ లేదని ఇప్పటికీ అంటా, నీతో వాదన కూడా పెట్టుకుంటా. ఆ డైలాగు మాత్రం మానేసినా. ఎందుకంటే ఆయన్ని నేను ఎప్పుడూ కలవలేదు. కలవని మనిషి గురించి పదేళ్లు మైకులో మాట్లాడినా.


కర్నూలు_తెలుగు_పండిట్

బాబూ, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యాను. మాది బాప్టిస్టు కుటుంబం. మావారు పాస్టరు, గ్రీకు బాగా చదువుకున్న మనిషి. ఆయన పోయాక ఆ పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, నాకూ కొంత అబ్బింది.

నువ్వు చెప్పిన గ్రీకు సంగతి చూద్దాం. ఆ వాక్యంలో ప్రధాన క్రియ "శిష్యులనుగా చేయుడి" అన్నావు, అది నిజమే. "వెళ్లి" అనేది అసమాపక క్రియ, అదీ నిజమే. కానీ "వెళ్తూ ఉండగా" అన్నావు చూడు, అక్కడ జారావు. మనకు బళ్లో చెప్పిన వ్యాకరణం గుర్తుందా? "వెళ్లి" క్త్వార్థకం, ఒక పని ముగించి ఇంకోటి చేయడం. "వెళ్తూ" శత్రర్థకం, పని ఇంకా సాగుతూ ఉండటం. నువ్వు క్త్వార్థకాన్ని తీసుకుపోయి శత్రర్థకం చేశావు. మీ అమ్మ "పోయి పాలు తీసుకురా" అంటే నువ్వేమంటావు? "పోవడం ఆజ్ఞ కాదమ్మా, తేవడమే ఆజ్ఞ, ఎప్పుడైనా అటు పోతే తెస్తాను" అంటావా? వీపు పగులుతుంది. ఆజ్ఞ ముందొచ్చిన క్త్వార్థకం ఆ ఆజ్ఞలో పాలు పంచుకుంటుంది. గ్రీకులోనూ అక్కడున్నది ఆయోరిస్టు రూపం, అంటే సాగుతున్నట్టు కాక పని మొత్తాన్ని ఒక్కటిగా చెప్పే రూపం, ఇదే పని చేస్తుంది.

అదే సువార్తలో ఇంకో రెండుచోట్ల చూడు. 2:13లో దూత యోసేపుతో "నీవు లేచి ఆ శిశువును ఆయన తల్లిని వెంటబెట్టుకొని" అంటాడు. అక్కడా లేవడం అసమాపకమే. హేరోదు చంపడానికి వెతుకుతుంటే తీరిగ్గా లేచినప్పుడు చూద్దామని యోసేపు పడుకున్నాడా? ఆ రాత్రే బయల్దేరాడు. 28:7లో సమాధి దగ్గర స్త్రీలతో త్వరగా వెళ్లి శిష్యులకు చెప్పమంటాడు. అక్కడున్నది 28:19లోని క్రియే. "బాప్తిస్మమిచ్చుచు" మాత్రం మన బైబిల్లోనూ గ్రీకులోనూ శత్రర్థకమే. తెలుగు చేసినవాళ్లు ఆ తేడా చక్కగా పట్టుకున్నారు. నువ్వు గ్రీకు దాకా పోనక్కరలేదు, ఇంట్లో ఉన్న తెలుగు బైబిలే నీకు సరిగా చెప్పింది.

అంటే "పోకుండా ఎట్ల చెప్తారప్పా" అన్న మీ మామ వ్యాకరణం సరైనది, నీది తప్పు. అలాగని ఆయన గెలిచాడనుకోకు. మూడు రాత్రుల షామియానా ఆ క్త్వార్థకంలో లేదు. పిల్లల ఫీజు వద్దని కూడా లేదు. ఆ డబ్బు సంగతి మీరు మీ బుద్ధితోనే తేల్చుకోవాలి.

అపొల్లో కథ చూడు, అపొస్తలుల కార్యములు 18. గొప్ప వక్త, లేఖనాల్లో ప్రవీణుడు, కానీ ఒకచోట అసంపూర్తిగా తెలుసు. ప్రిస్కిల్ల, అకుల సమాజమందిరంలో లేచి నిలబడి దిద్దలేదు. "అతని చేర్చుకొని" అని ఉంది, అంటే తమ దగ్గరికి పిలుచుకుని చెప్పారు. నేను ఇప్పుడు నిన్ను నలుగురిలోనే దిద్దుతున్నాననుకో. నీ పేరు మాకెవరికీ తెలియదు కాబట్టి పరవాలేదు.


జమ్మలమడుగు_ల్యాబ్

అమ్మా, వందనాలు. ఇది చదివి ఫోను పక్కన పెట్టేసి ఒక గంట శాంపిళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. పరీక్షలో తప్పు రిపోర్టు ఇస్తే మళ్లీ పిలిచి రక్తం తీయాలి, మా ల్యాబ్‌లో అదే రూలు. కమిటీలో పదకొండుమందికి తప్పు రిపోర్టు ఇచ్చాను.


నంద్యాల_మనవరాలు

మా తాతగారి సంగతి చెప్తాను, మీకు పనికొస్తుందో లేదో.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు ప్రొటెస్టెంటు శాఖలు కలిసి సీఎస్ఐ ఏర్పడింది. మీ కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాయి. మా నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది కలవలేదు. బిషప్ చేతులుంచకుండా అభిషేకం పొందిన పాస్టర్లను అంగీకరించాలా వద్దా అన్నది పెద్ద గొడవ. చివరికి 1975లో కలిశారు. 28 ఏళ్లు. ఐక్యత లేకుండా మిషన్ ఏంటని వాళ్లు, విశ్వాసం పలుచన చేసుకుని ఐక్యత ఏంటని వీళ్లు. రెండు వైపులా చదువుకున్నవాళ్లే, ప్రార్థనపరులే.

మా తాత వద్దన్నవైపు. ఆయన అక్క మొగుడు కలిసినవైపు. ఇద్దరూ ఒకే బడిలో టీచర్లు. ఇంట్లో చెప్పుకునేదేమంటే, ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ఇద్దరూ ఒకరి గుడిలో ఒకరు బల్లారాధనలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో, పాలుపంచుకోలేదు. 1975 వచ్చేసరికి ఆ బావగారు లేరు. కలిసిన మొదటి ఆదివారం తాత బల్ల దగ్గర మోకరించి, లేవడానికి చాలాసేపు పట్టిందని నాయనమ్మ చెప్పేది. మోకాళ్ల నొప్పులని ఆయన అనేవాడట.

తాత తన అభిప్రాయం మార్చుకున్నాడా అంటే లేదు. పోయేదాకా 1947లో మనదే సరి అనేవాడు.


పెద్దముడియం_రైతు

నేను క్రైస్తవుణ్ణి కాను. బుడ్డశనగ రేటు కోసం వెతుకుతుంటే మా మండలం పేరుతో ఇది కనబడింది, చదివేశా. రాయొచ్చో లేదో.

మా ఊరికి మీవాళ్లు రకరకాలు వస్తారు. టెన్త్ పరీక్షలప్పుడు రాత్రి పది దాకా మైకు పెట్టినవాళ్లూ ఉన్నారు. అది మాకు నచ్చదు, మా గుళ్లో మైకు పెట్టినా పిల్లలకు అదే టెన్షన్. పుస్తకాలు, బ్యాగులు పంచి ఫోటో తీసుకుని పోయినవాళ్లూ ఉన్నారు. పిల్లోళ్లని వరసలో నిలబెట్టి, బ్యాగు ఎత్తిపట్టుకోమని ఫోటో. మా అన్న కొడుకు ఆ బ్యాగు బడికి తీసుకుపోనన్నాడు.

మీరు లోపల ఏం కొట్లాడుకుంటారో మాకు తెలియదు. మాకు తెలిసేది ఒక్కటే. వచ్చిన మనిషి మంచం మీద కూర్చున్నాడా, నిలబడే మాట్లాడి పోయినాడా. ఇంట్లో ఇచ్చిన నీళ్లు తాగినాడా, బాటిల్ తీసి సొంత నీళ్లు తాగినాడా. మా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, తాగకపోయినా తప్పు లేదు. కానీ గమనిస్తాం.


బత్తలపల్లి_బ్రదర్

అన్నా, మంచి మాట చెప్పినావు. లూకా 10లో యేసు డెబ్బైమందిని పంపేటప్పుడు సంచి కూడా వద్దన్నాడు, ఆ ఇంట్లో పెట్టింది తినమన్నాడు. నేను సంచి కులం అని గొప్పగా రాసినా పైన. సరే.


జమ్మలమడుగు_ల్యాబ్ (తర్వాత జరిగింది)

అడిగినవాళ్లందరి కోసం రాస్తున్నాను. మొన్న శనివారం లీవు పెట్టి, చెక్కు జేబులో పెట్టుకుని పన్నెండున్నరకు మామ ఇంటికి పోయాను. అత్త తలుపు తీసి ఏమీ అనకుండా ఇంకో కంచం పెట్టింది. సంగటి, శెనక్కాయల పచ్చడి. మామ తింటూ తల ఎత్తలేదు.

"మామా, ఆ రోజు నేను చెప్పిన గ్రీకు తప్పు" అన్నాను. క్త్వార్థకం, శత్రర్థకం అంతా చెప్పాను. ఆయన మొత్తం విని, "ఆ మాట కమిటీలో చెప్పు. ఇంట్లో చెప్తే ఎవురికి తెలుస్తాది?" అన్నాడు. న్యాయమే. ప్రిస్కిల్ల పద్ధతి దిద్దేవాళ్లకు గానీ తప్పు చేసినవాడికి కాదని అప్పుడర్థమైంది.

"లెక్క అడిగినందుకు క్షమించు" అన్నాను. దానికి జవాబు రాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "తీర్మానం వాపసు తీసుకుంటావా?" అన్నాడు. లేదన్నాను. "మంచిది. తీసుకుని ఉంటే నిన్ను నమ్మను. నేనూ నా మాట తీసుకోను." చెక్కు చూపించాను. "సంచిలో వెయ్. సాయంత్రం పెడతా. బండి నువ్వు తోలు, నా మోకాలు బాగలేదు."

పోయిన ఊరి పేరు రాయను. మామ ముందు రచ్చకట్ట దగ్గర బండి ఆపించి, అక్కడ కూర్చున్న ఇద్దరితో వానల గురించి మాట్లాడాడు. తర్వాత ఒక ఇంటికి. ఒక ముసలామె నులకమంచం వాల్చింది. నేను నిలబడే ఉన్నాను, పెద్దముడియం అన్న రాసింది గుర్తొచ్చి గబుక్కున కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చింది. మామ కంజీర తీస్తాడనుకున్నాను. తీయలేదు. "వీడు మా అక్క కొడుకు, రక్తం పరీక్షలు చేస్తాడు, ఆ కాయితం తేపో" అన్నాడు. ఆమె ట్రంకుపెట్టెలోంచి మడతలు పడిన రిపోర్టు తెచ్చింది, నాలుగు నెలల కిందటిది. పరగడుపు షుగరు 286. ఆమె దాన్ని 28 అనుకుందో ఏమో, మాత్రలు ఆపేసింది. ఎవరూ చదివి చెప్పలేదంట. సోమవారం ల్యాబ్‌కి రమ్మని, మళ్లీ చూసి డాక్టరు దగ్గరికి పంపుతానని చెప్పాను. మామ పక్కన కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాడు. లేచేముందు ఆమే, "ఒక పాట పాడిపో సామీ" అంది. అప్పుడు తీశాడు కంజీర. ఆమె నొసట విభూది అట్లాగే ఉంది. ముప్పై ఏళ్లుగా ఆమె ఇంటికి పోతున్నాడంట.

దోవలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. బండి సీటు మీద చెక్కు పెట్టి, కళ్లజోడు డబ్బాకు రబ్బరు బ్యాండు తీసి, సంతకం పెట్టాడు. పెడుతూ అన్నాడు, "ఫీజులు గవర్మెంటు గూడా కడతాది. ఈ డబ్బు దేనికొచ్చిందో దానికి పెట్టల్ల. నాకు ఇష్టం లేదని మినిట్స్‌లో రాయి."

రాస్తానన్నాను. బండి స్టార్ట్ చేయబోతుంటే వెనకనుంచి, "నలుగురు" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. "లెక్క అడిగినావు గదా. నలుగురు. ఒకడు మళ్లా వెనక్కి పోయినాడు, తాగుడు. ముగ్గురు."

ఇంటిదాకా మళ్లీ మాటల్లేవు.

నిన్న కమిటీలో గ్రీకు తప్పని చెప్పాను. ఒక పెద్దాయన "అయితే తీర్మానం కూడా తప్పేనా?" అని దొరికిందే సందుగా లేచాడు. మామే ఆయన్ని కూర్చోమన్నాడు. ఫీజులు కట్టేశాం, పదకొండుమందికి. పన్నెండో అబ్బాయి అప్పటికే బెంగళూరు పనికి వెళ్లిపోయాడు, ఆరు వారాలు ఆలస్యం చేసింది నేనే.

మినిట్స్‌లో మామ అన్న అసమ్మతి ఆయన మాటల్లోనే రాశాను. ఆ రోజు నేనడిగిన ప్రశ్న పాత మినిట్స్‌లో లేదు, రాసింది నేనే కాబట్టి వదిలేశాను. దాన్ని, దానికి ఆయనిచ్చిన జవాబును కూడా ఎక్కించాలని ఉంది. మామ ఒప్పుకోవడం లేదు. వచ్చే శనివారం బండిలో మళ్లీ అడుగుతాను.